లెన్స్ జారిన కంట్లో శుక్లం ఆపరేషన్ ఎలా చేయాలి?

పీజీ పూర్తి చేసి సొంతంగా ఫేకో (శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో పొడిచేసి తీసే ఆపరేషన్) మొదలుపెట్టిన కుర్ర సర్జన్లు తరచూ అడిగేది ఒకటే: "సర్, రేపటి లిస్టులో లెన్స్ కాస్త పక్కకు జరిగిన కేసుంది. రింగు వేస్తే సరిపోతుందా?" లెన్స్ సంచిని లోపలి నుంచి సాగదీసి పట్టే ఆ రింగు ఒక్కోసారి సరిపోతుంది. కానీ చాలా కేసుల్లో ఫలితం బాగుంటుందా, పాడవుతుందా అన్నది రింగు కంట్లోకి వెళ్లేలోపే తేలిపోతుంది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే. తెగిన జోన్యూల్స్ (లెన్స్‌ను చుట్టూ పట్టి ఉంచే సన్నని పోగులు) పక్కన మిగిలి ఉన్నవాటి మీద ఏ దశలోనూ బరువు పడనీయకూడదు. కింద చెప్పిన ప్రతి మెట్టూ దాని కోసమే.

మామూలు కేసుల్లో చేయి కుదిరి, యాంటీరియర్ విట్రెక్టమీ (ముందుకు వచ్చిన విట్రియస్‌ను, అంటే కంటి వెనుక భాగంలోని జెల్లీని, కత్తిరించి తీయడం) ఎవరి సాయమూ లేకుండా చేయగలిగినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అంతవరకు రాకపోతే మొదటి మూడు మెట్లు చదివి, కేసును రెటీనా సర్జన్ ఉన్న ఆస్పత్రికి పంపండి. అందులో చిన్నతనమేమీ లేదు.

కావలసినవి

- విస్కో (కంట్లో చోటు నిలిపి ఉంచే చిక్కటి జెల్): పూతలా అంటుకునే డిస్పర్సివ్, ముద్దగా ఉండే కోహెసివ్ రెండూ. డిస్పర్సివ్ రకం ఖరీదైనది దొరక్కపోతే 2 శాతం మిథైల్ సెల్యులోజ్‌తో పని జరుపుకోవచ్చు.
- ట్రిపాన్ బ్లూ (క్యాప్సూల్‌కు, అంటే లెన్స్ పైపొరకు, వేసే నీలిరంగు), ప్రిజర్వేటివ్ లేని ట్రయామ్సినలోన్ (విట్రియస్‌ను తెల్లగా చూపే స్టెరాయిడ్)
- ఐరిస్ (పాప చుట్టూ ఉండే రంగు పొర) హుక్స్ ఒక సెట్టు. క్యాప్సూల్ హుక్స్ ఉంటే ఇంకా మంచిది.
- క్యాప్సులర్ టెన్షన్ రింగులు: నొక్కినప్పుడు 10, 11, 12 మి.మీ. వచ్చే మూడు సైజులు
- సియోని రింగు లేదా అహ్మద్ సెగ్మెంట్ (స్క్లెరాకు, అంటే కంటి తెల్లగుడ్డు గోడకు, కుట్టగలిగే పూర్తి రింగు, రింగు ముక్క), కుట్టడానికి 9-0 ప్రోలిన్ లేదా గోర్‌టెక్స్ దారం
- విట్రెక్టర్, దాంతోపాటు విడిగా ఇరిగేషన్ క్యాన్యులా
- మూడు రకాల ఐఓఎల్‌లు (కృత్రిమ లెన్సులు): బ్యాగ్‌లో (ఖాళీ అయిన లెన్స్ క్యాప్సూల్ సంచిలో) పెట్టే సింగిల్ పీస్, త్రీ పీస్, ఐరిస్ క్లా. మూడింటికీ పవర్ ముందే లెక్కవేసి కాగితం మీద రాసి ఉండాలి.

వీటిలో సగం ఐటమ్స్ వాడకుండానే తిరిగి అల్మారాలోకి వెళ్లొచ్చు. అది ఖర్చు దండగ కాదు. బ్యాగ్ వేలాడుతుండగా స్టోర్ రూమ్ తాళాల కోసం వెతికించే పరిస్థితి మాత్రం రానివ్వకండి.

1. చుక్కలు వేయకముందే చూడండి

డైలేటింగ్ చుక్కలు వేశాక సిలియరీ కండరం వదులై జోన్యూల్స్ కొంత బిగుస్తాయి. దాంతో లెన్స్ వణుకు కనపడకుండా పోవచ్చు. కాబట్టి మొదటి పరీక్ష కనుపాప ఇంకా చిన్నగా ఉన్నప్పుడే చేయండి. రోగిని పక్కకు చూడమని, వెంటనే తిన్నగా చూడమనండి. ఐరిస్ గానీ లెన్స్ గానీ జెల్లీలా ఊగితే అనుమానించండి. ముందు గది (కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాకు, ఐరిస్‌కు మధ్య ఖాళీ) ఒకవైపు లోతుగా, మరోవైపు తక్కువగా ఉన్నా అంతే.

తర్వాత డైలేట్ చేసి లెన్స్ అంచు ఎక్కడ నుంచి ఎక్కడిదాకా కనిపిస్తోందో గడియారం గంటల్లో రాసుకోండి: "2 నుంచి 5 వరకు" అన్నట్టు. ముందు గదిలో విట్రియస్ పోగు ఉందేమో వెతకండి. ఆఖరున రోగిని వెల్లకిలా పడుకోబెట్టి మళ్లీ చూడండి. కూర్చున్నప్పుడు సరిగ్గా ఉన్న లెన్స్ పడుకుంటే వెనక్కి జారవచ్చు, మీరు ఆపరేషన్ చేసేది ఆ భంగిమలోనే. పాప సరిగా తెరుచుకోకపోతే యూబీఎం (కంటి ముందు భాగపు అల్ట్రాసౌండ్) చేయించండి.

పెద్ద వయసువాళ్లలో పాప అంచున తెల్లని పొట్టులాంటిది కనిపిస్తే అది సూడోఎక్స్‌ఫోలియేషన్. ఆ కళ్లలో లెన్స్ పక్కకు జరగకపోయినా జోన్యూల్స్ చుట్టూరా బలహీనంగా ఉండొచ్చు. ముందు గది లోతు 2.5 మి.మీ. కంటే తక్కువుంటే ఇంకా జాగ్రత్తపడాలి. ఎక్కువమంది తడబడేది ఇలాంటి కేసుల్లోనే, ఎందుకంటే బయటికి మామూలు శుక్లంలాగే కనిపిస్తాయి.

2. ఎందుకు జారిందో తేల్చండి

దెబ్బ తగిలిందా అని అడగండి. క్రికెట్ బంతి, టపాకాయ, పశువు కొమ్ము, ఏదైనా కావచ్చు. ఎన్నో ఏళ్ల కిందటిదైతే రోగి తనంతట తాను చెప్పడు. దెబ్బ కేసుల్లో యాంగిల్, కంటి ఒత్తిడి, రెటీనా అంచులు చూడకుండా ఆపరేషన్ తేదీ ఇవ్వకండి. శుక్లం దట్టంగా ఉండి లోపల కనపడకపోతే బి-స్కాన్ (కంటి వెనుక భాగపు అల్ట్రాసౌండ్) చేయండి.

కుర్రవాళ్లలో రెండు కళ్లలోనూ జారితే జన్యు కారణం వెతకాలి. మార్ఫాన్ అనే బంధక కణజాల జబ్బులో లెన్స్ ఎక్కువగా పైకి, బయటివైపుకు జరుగుతుంది. పొడవైన చేతులు, వేళ్లు చూసి ఊరుకోకండి, ఎకో చేయించి గుండె డాక్టర్ మాట తీసుకోండి. రక్తంలో హోమోసిస్టీన్ పేరుకునే జబ్బు హోమోసిస్టినూరియాలో లెన్స్ తరచూ కిందికి, ముక్కువైపుకు జారుతుంది. ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే జబ్బు. మేనరికాలు ఇంకా ఉన్న మన ప్రాంతాల్లో దీన్ని మరిచిపోతే కుదరదు. రక్తంలో హోమోసిస్టీన్ చూడకుండా ఆ పిల్లలకు జనరల్ అనస్తీషియా ఇస్తే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మత్తు డాక్టర్‌కు ముందురోజే చెప్పండి, టేబుల్ మీద కాదు.

చిన్నపిల్లల విషయంలో ముందు కళ్లద్దాలతో చూపు ఎంత వస్తుందో చూడండి. అద్దాలతో చదువు సాగుతుంటే, ఆంబ్లయోపియా (చిన్నతనంలో కంటి చూపు సరిగా ఎదగకపోవడం) రాకుండా ఉంటే, తొందర అవసరం లేదు.

3. పద్ధతిని థియేటర్‌లోకి వెళ్లకముందే నిర్ణయించండి

ఇది ఉజ్జాయింపు లెక్క; గంటలంటే సమయం కాదు, లెన్స్ చుట్టూ గడియారం ముఖం మీదలా జోన్యూల్స్ తెగిన మేర. కంటిని బట్టి అటూ ఇటూ జరగవచ్చు.

- తెగింది 3 - 4 గంటల లోపు, ఇక పెరగని రకం (పాత దెబ్బ వంటిది): మామూలు రింగు చాలు.
- 4 నుంచి 7 గంటల మధ్య: స్క్లెరాకు కుట్టే సియోని రింగు, లేదా మామూలు రింగుతో పాటు అహ్మద్ సెగ్మెంట్.
- 7 గంటలు దాటితే: బ్యాగ్ మీద ఆశ పెట్టుకోకండి. లెన్స్ మొత్తం తీసేసి, స్క్లెరాలో గానీ ఐరిస్‌కు గానీ ఐఓఎల్ అమర్చండి.
- లెన్స్ విట్రియస్‌లోకి వేలాడుతుంటే: అది రెటీనా సర్జన్ కేసు. పార్స్ ప్లానా దారిలో (కంటి తెల్లగుడ్డు పక్క నుంచి) వెళ్లాలి.

సూడోఎక్స్‌ఫోలియేషన్, మార్ఫాన్ లాంటివి ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతాయి. వాటిలో మీ లెక్కకంటే ఒక మెట్టు పైది ఎంచుకోవడం మంచిది. రింగు కొత్త జోన్యూల్స్‌ను పుట్టించదు, ఉన్నవాటికి బరువును సమానంగా పంచుతుంది. మొత్తం చుట్టూరా బలహీనమైతే పంచుకోవడానికి ఎవరూ మిగలరు.

రోగితో, ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడండి. "మామూలు ఆపరేషన్ కంటే సమయం పడుతుంది, ఐఓఎల్ ఇవాళే పెట్టకపోవచ్చు, రెండోసారి థియేటర్‌కు రావాల్సి రావచ్చు." ఈ మూడూ కన్సెంట్ కాగితంలో తెలుగులోనే ఉండాలి.

4. మత్తు, కోత

చుక్కల మత్తు వద్దు. పెరిబల్బార్ లేదా సబ్‌టెనాన్ (కంటి చుట్టూ ఇచ్చే మత్తు) ఇవ్వండి. ప్రధాన కోత తెగిన భాగానికి దూరంగా ఉండాలి, పరికరాలు ఆ చోటిని అస్తమానం తాకకుండా. కోత బిగువుగా ఉండాలి. కారుతున్న కోతతో ముందు గది పైకీ కిందికీ ఊగుతుంది, ప్రతి ఊపుకూ ఒక్కో జోన్యూల్ తెగుతుంది.

తెగిన చోట మొదట డిస్పర్సివ్ విస్కో పెట్టండి, అది విట్రియస్‌ను వెనక్కి ఆపుతుంది. మిగతా గదిని కోహెసివ్‌తో నింపండి. ట్రిపాన్ బ్లూ అవసరమైతే విస్కో కింద, క్యాప్సూల్ మీద కొద్దిగా మాత్రమే పూయండి. మామూలు కేసులో పోసినట్టు పోస్తే తెగిన సందులోంచి వెనక్కి దిగి విట్రియస్ నీలమైపోతుంది, ఇక రెడ్ గ్లో (రెటీనా నుంచి తిరిగి వచ్చే ఎర్రటి వెలుగు) ఉండదు.

5. రెక్సిస్

రెక్సిస్ అంటే క్యాప్సూల్ ముందు పొరలో గుండ్రని రంధ్రం చేయడం. ఈ ఆపరేషన్‌లో సగం ఇక్కడే. రెక్సిస్ గుండ్రంగా, చిరగకుండా వస్తే రింగు, హుక్స్, సెగ్మెంట్ అన్నీ మీకు అందుబాటులో ఉంటాయి. అంచు చిరిగితే అన్నీ ఒక్కసారే చేజారతాయి.

సూది గుచ్చగానే క్యాప్సూల్ తెగకుండా లోపలికి కుంగి, ముడతలు పడితే జోన్యూల్స్ వదులని అర్థం. అప్పుడు గట్టిగా నొక్కకండి. కొత్త 26 గేజ్ సూదితో, పదునైన కొసతో గుచ్చండి. అయినా జరుగుతుంటే రెండో చేత్తో ఇంకో సూది గానీ ఫోర్సెప్స్ గానీ పెట్టి లెన్స్‌ను నిలబెట్టండి.

గట్టి జోన్యూల్స్ ఉన్న వైపు నుంచి మొదలుపెట్టండి, అక్కడ మీ లాగుడుకు ఎదురు పట్టు దొరుకుతుంది. ఫ్లాప్‌ను తరచూ వదిలి మళ్లీ దగ్గరగా పట్టుకోండి. దూరం నుంచి లాగితే అది అంచుకు పరుగెడుతుంది.

పాపను చూసి రెక్సిస్ గీస్తే పప్పులో కాలేసినట్టే. పాప మధ్యకాదు, లెన్స్ మధ్య ముఖ్యం. జారిన లెన్స్‌లో రెండూ ఒకచోట ఉండవు. సైజు 5 - 5.5 మి.మీ. చాలు. తెగిన వైపు అంచుకు కనీసం ఒకటి రెండు మి.మీ. క్యాప్సూల్ మిగలాలి, లేకపోతే హుక్కుకు పట్టు దొరకదు.

6. హుక్స్

రెక్సిస్ పూర్తయ్యాక, లెన్స్ ఇంకా ఊగుతుంటే వెంటనే హుక్స్ పెట్టండి. "న్యూక్లియస్ (లెన్స్ గట్టి నడిమి భాగం) కాస్త అయ్యాక చూద్దాం" అనుకోవద్దు. ఐరిస్ హుక్స్‌నే రెక్సిస్ అంచుకు తగిలించవచ్చు, తెగిన భాగంలో రెండు మూడు చాలు. బ్యాగ్ మధ్యకు వచ్చేదాకా మాత్రమే లాగండి. గట్టిగా బిగిస్తే అంచు చిరుగుతుంది. క్యాప్సూల్ హుక్కుల కొస పొడవుగా ఉండి బ్యాగ్ మూలదాకా వెళ్తుంది కాబట్టి అంచు మీద భారం తక్కువ.

హుక్స్‌తో లాభం ఇంకోటి ఉంది. అవి కార్టెక్స్‌ను (న్యూక్లియస్ చుట్టూ ఉండే మెత్తటి భాగాన్ని) ఇరికించవు. రింగు ఇరికిస్తుంది.

7. హైడ్రో

క్యాప్సూల్ కింద నీరు చిమ్మి లెన్స్‌ను విడదీయడమే హైడ్రో. కొద్దికొద్దిగా, మూడు నాలుగు చోట్ల నుంచి చేయండి. ప్రతిసారీ కాస్త విస్కో బయటికి వదిలి లోపలి ఒత్తిడి తగ్గించాలి. న్యూక్లియస్ తేలిగ్గా తిరుగుతోందో లేదో రెండు పరికరాలతో ఎదురెదురుగా తిప్పి చూడండి. ఒక చేత్తో బలవంతంగా తిప్పితే తిరిగేది న్యూక్లియస్ కాదు, మొత్తం బ్యాగ్. తిరగకపోతే మళ్లీ హైడ్రో చేయండి, లేదా విస్కోతో విడదీయండి.

8. న్యూక్లియస్

మెత్తటిదైతే విస్కోతో ముందు గదిలోకి తేల్చి అక్కడ పని ముగించండి. గట్టిదైతే చాపింగ్ (ముక్కలుగా చీల్చడం) చేయండి. గాడి తవ్వే పద్ధతిలో ప్రతి గీతా న్యూక్లియస్‌ను నెడుతుంది, ఆ తోపు జోన్యూల్స్ మీదే పడుతుంది. బాటిల్ దించండి, వాక్యూమ్ తగ్గించండి, ఫ్లో నిమిషానికి 20 - 25 మి.లీ. దగ్గర ఉంచండి. నెమ్మదిగా సాగుతుంది, సాగనివ్వండి.

ఫేకో ప్రోబ్ బయటికి తీసే ముందు సైడ్ పోర్టులోంచి (పక్కనున్న చిన్న కోత) విస్కో ఎక్కించండి, ఎక్కిస్తూనే తీయండి. ఎన్ని ఫేకోలు చేసినవాళ్లయినా అలవాటులో మరిచిపోయేది ఇదే. గది ఒక్కసారి కూలితే విట్రియస్ ముందుకు వచ్చేస్తుంది.

ఫేకో లేని జిల్లా ఆస్పత్రిలో ఎస్ఐసీఎస్ (ఫేకో యంత్రం లేకుండా చిన్న కోతతో శుక్లం తీయడం) చేస్తుంటే రెక్సిస్ కాస్త పెద్దది వేయండి, టన్నెల్ పెద్దది చేయండి, న్యూక్లియస్‌ను దొర్లించకుండా కింద విస్కో పెట్టి లేపండి. తెగింది నాలుగు గంటల్లోపు అయితేనే ఈ దారి. రాయిలాంటి న్యూక్లియస్, సగానికి పైగా తెగిన జోన్యూల్స్ కలిస్తే క్యాప్సూల్‌తో సహా లెన్స్ మొత్తాన్ని తీయడమే నిజాయితీగల పద్ధతి. ఆధునికంగా కనిపించకపోయినా కార్నియా బతుకుతుంది.

9. రింగు ఎప్పుడు, ఎలా

వీలైనంత ఆలస్యంగా వేయండి, కానీ అవసరం పడిన క్షణంలో ఆలస్యం చేయకండి. సర్జన్లలో ఎప్పటినుంచో ఉన్న సూత్రమిది. న్యూక్లియస్ ఉండగా వేస్తే జోన్యూల్స్ మీద ఎక్కువ ఒత్తిడి పడుతుంది, కార్టెక్స్ రింగు కింద ఇరుక్కుంటుంది. హుక్స్ పెట్టుకున్నవాళ్లకు ఆగే వీలుంటుంది. మామూలుగా న్యూక్లియస్ తీశాక, లేదా కార్టెక్స్ కూడా తీశాక వేయడం సుఖం.

వేసే ముందు రెండు ప్రశ్నలు. రెక్సిస్ అంచు చుట్టూరా చెక్కుచెదరకుండా ఉందా? వెనుక క్యాప్సూల్ చిరగలేదు కదా? దేనికైనా జవాబు అనుమానంగా ఉంటే రింగు వేయకండి. వేస్తే చిరుగు వెనక్కి పాకి రింగు రెటీనా మీదకు దిగుతుంది.

బ్యాగ్‌ను విస్కోతో బాగా ఉబ్బించండి. ముందు కొస తెగిన భాగం వైపుకు జారేలా దిశ ఎంచుకోండి. అలా అయితే తోపు బలహీనమైన చోటికి బయటివైపుగా పడుతుంది, అక్కడి నుంచి లోపలికి లాగదు. ముందు కొస రంధ్రంలో 10-0 దారం ఒకటి వేసి ఉంచుకోండి. దారి తప్పితే వెనక్కి లాగడానికి పనికొస్తుంది, సరిగ్గా కూర్చున్నాక దారం తీసేయండి. సైజు విషయంలో అనుమానముంటే పెద్దదే మేలు. రెండు కొసలు ఒకదానిమీద ఒకటి ఎక్కినా నష్టం లేదు, మధ్యలో ఖాళీ మిగిలితేనే నష్టం.

సియోని రింగు అయితే దాని చిన్న కొక్కెం క్యాప్సూల్‌కు ముందుగా ఉండాలి, ప్రోలిన్ లింబస్‌కు (కార్నియా, తెల్లగుడ్డు కలిసే అంచుకు) 1.5 - 2 మి.మీ. వెనుక స్క్లెరాలోంచి రావాలి. ముడి మొదట జారుముడిగా వేసి, బ్యాగ్ మధ్యకు రాగానే ఆపండి. ఇంకాస్త బిగిద్దామన్న ఆశే రెండోవైపు జోన్యూల్స్‌ను తెంపుతుంది. 10-0 ప్రోలిన్ కొన్నేళ్లకు తెగిపోవచ్చు. కుర్రవాళ్లలో 9-0 గానీ గోర్‌టెక్స్ గానీ వాడండి.

10. కార్టెక్స్

మధ్యకు లాగకండి, అంచు వెంబడి పక్కకు లాగండి. గట్టి వైపు ముందు, తెగిన వైపు ఆఖరు. కొంచెం మిగిలినా పరవాలేదు. మొండిగా అంటుకున్న చిన్న పోగు కోసం బ్యాగ్‌ను పణంగా పెట్టకండి.

11. విట్రియస్ కనిపిస్తే

ఆపండి. పరికరాన్ని వెనక్కి లాగవద్దు, ముందు విస్కోతో గది నింపండి. స్పాంజితో పట్టి లాగి కత్తిరించే పద్ధతి ఎవరైనా పెద్దాయన చేస్తే చూసి ఉంటారు, మీరు చేయకండి. ప్రతి లాగుడూ రెటీనా దాకా వెళ్తుంది.

పలుచన చేసిన ట్రయామ్సినలోన్ కొద్దిగా చల్లండి, కనిపించని పోగులు తెల్లగా బయటపడతాయి. ఇరిగేషన్ ఒక చేత, కట్టర్ మరో చేత, వేర్వేరు రంధ్రాల్లోంచి. పార్స్ ప్లానా దారి మీకు అలవాటుంటే లింబస్‌కు 3.5 మి.మీ. వెనుక నుంచి కత్తిరించడం ఇంకా మంచిది, విట్రియస్ ముందుకు కాక వెనక్కి పోతుంది. న్యూక్లియస్ ముక్క వెనక్కి పడిందా? దాని వెంట ఫేకో ప్రోబ్ పంపకండి. ముందు భాగం శుభ్రం చేసి, కోత కుట్టి, రెటీనా సర్జన్‌కు పంపండి.

12. ఐఓఎల్

బ్యాగ్ నిలిచితే హైడ్రోఫోబిక్ ఐఓఎల్ బ్యాగ్‌లోనే. త్రీ పీస్ అయితే కాళ్లు (లెన్స్‌ను పట్టి నిలిపే వంపు తీగలు) తెగిన భాగం వైపు ఉండేలా తిప్పండి, అవి కూడా లోపలి నుంచి దన్నుగా నిలుస్తాయి. మల్టీఫోకల్ (దూరం, దగ్గర రెండూ చూపే), టోరిక్ (సిలిండర్ పవర్ సరిచేసే) లెన్సుల జోలికి వెళ్లకండి. రోగి ఎంత అడిగినా సరే, రేపు కాస్త జరిగితే చూపు చెడిందని మొదట తిట్టేది ఆయనే.

బ్యాగ్ పోతే దారులు మూడు.

ఐరిస్ వెనుక బిగించే క్లా లెన్స్: తక్కువ సమయం, మన దేశంలో బాగా అలవాటైన పద్ధతి. ఐరిస్ బాగుండాలి. పవర్ లెక్కకు ఐరిస్ వెనుక పెట్టేటప్పటి కాన్‌స్టెంట్ వేరు, ముందు పెట్టేది వాడితే అద్దాల నంబరు మారిపోతుంది.

గ్లూడ్ ఐఓఎల్: చెన్నైలో అమర్ అగర్వాల్ 2007లో మొదలుపెట్టిన పద్ధతి. రెండు స్క్లెరల్ ఫ్లాపుల కింద త్రీ పీస్ కాళ్లను బయటికి తెచ్చి, సొరంగంలో దూర్చి, ఫైబ్రిన్ గ్లూతో అతికిస్తారు.

యమానే పద్ధతి: సన్నని గోడ ఉన్న 30 గేజ్ సూదుల్లోంచి కాళ్లను బయటికి తెచ్చి, కొసలను కాటరీతో కాల్చి బొడిపెలా చేసి స్క్లెరాలో దాస్తారు. ఫ్లాపులు, గ్లూ, కుట్లు అక్కర్లేదు. కానీ రెండు సూదులూ కచ్చితంగా ఎదురెదురుగా, లింబస్ నుంచి సమాన దూరంలో ఉండాలి. తేడా వస్తే ఐఓఎల్ వాలుతుంది. మొదటి కేసు రోగి మీద కాదు, మేక కంటి మీద చేయండి.

13. కంటికి కట్టు వేసే ముందు

- పాప గుండ్రంగా ఉందా? ఒకవైపు కొసదేరితే విట్రియస్ కోతకు అంటుకుంది. స్పాచులాతో తడిమి తొలగించండి.
- మైక్రోస్కోప్ వెలుగులో ఐఓఎల్ మీది ప్రతిబింబాలు ఒకే వరుసలో ఉన్నాయా? లేకపోతే ఐఓఎల్ వాలింది.
- కంటిని ఫోర్సెప్స్‌తో మెల్లగా కదిపితే ఐఓఎల్ ఊగుతోందా?
- విస్కో మొత్తం తీశారా? మిగిలితే రాత్రికి కంటి ఒత్తిడి పెరుగుతుంది.
- కోత మీద అనుమానముంటే ఒక కుట్టు వేయండి.

ఆపరేషన్ తర్వాత

కొన్ని గంటల తర్వాత ఒకసారి, మర్నాడు ఒకసారి కంటి ఒత్తిడి చూడండి. దెబ్బ తగిలిన కళ్లలో, సూడోఎక్స్‌ఫోలియేషన్‌లో ఇది తప్పనిసరి. వారంలోపు, మళ్లీ నెలకు డైలేట్ చేసి రెటీనా అంచులదాకా చూడండి. మార్ఫాన్ రోగికి మెరుపులు, నల్లని చుక్కలు, తెర కనిపిస్తే అదే రోజు రావాలని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పండి. నాలుగు నుంచి ఆరు వారాలకు చూపు అనుకున్నంత రాకపోతే మాక్యులా (రెటీనా నడిమి భాగం) ఓసీటీ స్కాన్ తీయండి, వాపు ఉండొచ్చు.

సూడోఎక్స్‌ఫోలియేషన్ కళ్లలో రెక్సిస్ రంధ్రం నెలల్లోనే కుంచించుకుపోవచ్చు. మొదలైనప్పుడే యాగ్ లేజర్‌తో అంచున మూడు నాలుగు గాట్లు పెడితే ఆగిపోతుంది. ఆలస్యమైతే బ్యాగ్, రింగు, ఐఓఎల్ కలిసి కిందికి జారతాయి. ఏళ్ల తర్వాత కూడా ఇలా జరగవచ్చు కాబట్టి ఏడాదికోసారైనా వీళ్లను పిలిపించండి.

డిశ్చార్జి కాగితంలో "ఐఓఎల్ పెట్టాం" అని రాసి వదిలేయకండి. ఏ రింగు, ఏ సైజు, ఏ దారం, ఏ గంట దగ్గర కుట్టారో రాయండి. పదేళ్ల తర్వాత ఆ కన్ను వేరే ఊళ్లో ఇంకో సర్జన్ ముందుకు వస్తే ఆయన దగ్గర ఉండేది ఆ కాగితమే. జన్యు కారణమైతే అదే కాగితం చివర ఇంకో వాక్యం చేర్చండి: అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను ఈ నెలలోనే కంటి పరీక్షకు తీసుకురండి.